ఎంతసేపొస్తాది అయ్యోరా?

మొన్న జూన్ నెలలో, వేట నిషేధం ముగియడానికి రెండు మూడు దినముల ముందు, సాయంకాలం వీధి అరుగు మీద కూర్చుని ఉండగా నా పూర్వశిష్యుడొకడు వచ్చాడు. మా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు ఇంజను పడవలు సముద్రం మీదికి పోరాదు. ఆ రెండు నెలలూ వలలు అల్లుకోవడం, పడవకు రంగులు వేయడం, అప్పులు చేయడం, ఇవే పట్టపుపాళెంలో పనులు. వీడు ఎనిమిదవ తరగతిలో నా దగ్గర ఛందస్సు చెప్పించుకుని, గణవిభజన రాక గోడకుర్చీ వేసినవాడు. ఇప్పుడు సొంత ఫైబర్ పడవకు యజమాని. చేతిలో కొత్త వాకీటాకీ పెట్టె ఉన్నది.

"అయ్యోరా, దీనిమీద పన్నెండు గంటలని రాసుండాది. పన్నెండంటే పన్నెండేనా? సముద్రంలో ఎంతసేపొస్తాది?" అని అడిగాడు.

తెలుగు పండితుని వద్దకు వచ్చి అడగవలసిన ప్రశ్న కాదు. కాని ఆ పెట్టెలోని పుస్తకం ఇంగ్లీషులో ఉన్నది, పాళెంలో వానికి తెలిసిన అయ్యోరిని నేనొక్కణ్ణే. సరే, ఉంచి వెళ్ళరా, రేపు చెబుతాను అన్నాను. వాడు వెళ్ళిన తరువాత చాలాసేపు ఆ పెట్టెను తెరవలేదు. ఇదే ప్రశ్న నన్ను పూర్వం ఒకసారి ఒకరు అడిగారు. నేను క్షణమైనా ఆలోచించకుండా బదులు చెప్పాను.

అది 1989 నవంబరు 8. నాకప్పుడు ముప్పయ్యేళ్ళు నిండలేదు. కావలి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో ఉన్నత పాఠశాలలో పని. ఆ రాత్రి తీరం దాటిన తుపానుకు వాతావరణ శాఖవారి పుస్తకాలలో కావలి తుపాను అని పేరు. థాయిలాండును ఊపివేసి, అక్కడినుండి బంగాళాఖాతంలోకి వచ్చి, మరింత బలిసి మా మీద పడినది. ప్రపంచానికి దాని పేరు గే. మాకు మాత్రం అది ఎనభై తొమ్మిది గాలి. నేటికీ మా వైపు వయస్సులు దానితోనే లెక్కిస్తారు, 'గాలికి ముందు పుట్టినోడు' అని.

మధ్యాహ్నానికే పాళెంవారు బడిలోకి చేరారు. ఉన్నవాటిలో గట్టి కట్టడం అదొకటే. నా దగ్గర ఒక ట్రాన్సిస్టరు ఉండేది, నాలుగు పెద్ద సెల్లులది. పాళెం పెద్ద ఒకాయన, అరవయ్యేళ్ళ మనిషి, నా పక్కకు వచ్చి, "అయ్యోరా, దీంట్లో సెల్లు ఎంతసేపొస్తాది? ఇంకా గాలి ముదరలేదు. నేనుబోయి అంగట్లో కొత్తయి తెచ్చేదా?" అని అడిగాడు.

అంగడి మైలు దూరం. నేను చెప్పిన సమాధానం అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకమున్నది. "అక్కరలేదు పెద్దాయనా. ఒకసారి వేస్తే నెల వస్తవి. వేసి రెండు వారాలే అయినది. ఇంకా రెండు వారాలు వస్తవి."

నా లెక్కలో కూడిక తప్పు లేదు, తీసివేత తప్పు లేదు. ఇంట్లో నేను ఉదయం వార్తలు, సాయంత్రం వార్తలు, మధ్యలో ఎప్పుడైనా ఒక నాటకం, మొత్తం మీద దినానికి గంటో గంటన్నరో, అదీ నాకు మాత్రమే వినిపించేటంత సన్నగా రేడియో పెట్టుకునేవాణ్ణి. అలాంటి నెల అది. ఆ రాత్రి రెండు వందల మందికి, పైకప్పు మీద వాన హోరుకు మించి వినిపించాలని గొంతు పూర్తిగా పెంచి, సాయంత్రం నుండి ఒక్క నిమిషం ఆపకుండా మోగించాము. మెల్లగా పలికే రేడియోకు, గొంతు చించుకునే రేడియోకు కరెంటు ఖర్చులో అనేక రెట్ల తేడా ఉంటుందని నాకు తెలియదు. ఆ రకం సెల్లుకు మధ్యమధ్య విశ్రాంతి దొరికితే లోపలి రసాయనాలు కొంత కోలుకుంటవని, తెరపి లేకుండా పిండితే దాని మామూలు ఆయుష్షులో చాలాభాగం ఇవ్వకుండానే పడిపోతుందని అంతకన్నా తెలియదు. ఊళ్ళో మనమందరం అయిపోయిన సెల్లులను ఎండలో పెట్టి మళ్ళీ వాడినవాళ్ళమే కదా! ఆ ఎండలో మర్మం సగం వెచ్చదనం, సగం విశ్రాంతి. ఇది తరువాత తెలిసినది.

నడిరాత్రికి ముందే రేడియో గొంతు పీలగా మారినది. తరువాత గురగుర. తరువాత అదీ లేదు.

కొంతసేపటికి గాలి ఆగిపోయినది. తగ్గడం కాదు, ఎవరో చేత్తో ఆపినట్టు ఆగినది. చూరునీళ్ళ చప్పుడు వినబడినది. పిల్లలు నిద్రపోయారు. అయిపోయిందిలే అని మగవాళ్ళు కొందరు లేచి తలుపు గడియ తీశారు. మేము తుపాను కంటిలో ఉన్నామని, గాలి ఇప్పుడు రెండవ దిక్కు నుండి తిరగబడి కొడుతుందని చెప్పగల గొంతు ఆ గదిలో ఒకటే ఉండేది. అది నా ఒళ్ళో చచ్చిపడి ఉన్నది. నాకు ఆ సంగతి పుస్తకాలలో చదివి తెలిసి ఉండవలసినదే, కాని ఆ వేళకు తోచలేదు. ఒక ముసలమ్మ మాత్రం, "పోవద్దురా, మళ్ళుకుంటాది" అని కేకలు పెట్టినది. నలుగురు ఆగారు. పాళెం పెద్ద ఆగలేదు. ఆయనకు ఇంటి వద్ద కట్టివేసి వచ్చిన రెండు గొడ్లున్నవి.

తెల్లవారి ఆయనను తాటిమాను కింద నుండి తీశారు. ప్రాణం ఉన్నది, తొడ ఎముక విరిగినది. బ్రతికినన్నాళ్ళు కుంటుతూనే నడిచాడు. సముద్రం మీదికి మళ్ళీ పోలేదు. కనపడినప్పుడల్లా నాకు నమస్కారం పెట్టేవాడు. ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని నాకు అనిపించేది.

మరునాడు ఆ పెట్టె తెరిచి, నాతోపాటు పనిచేసి రిటైరయి నెల్లూరులో ఉంటున్న భౌతికశాస్త్రం మాష్టారికి ఫోను చేశాను. ఆయనకు నేను పనికిరాని విద్య నేర్చినవాణ్ణని ముప్పయ్యేళ్ళుగా అభిప్రాయం, అయినా ఓపికగా చెబుతాడు. బ్యాటరీ మీద 1500 మిల్లీ ఆంపియర్ అవర్ అని ఉన్నది. దాన్ని మిల్లీ ఆంపియర్ గంటలు అని తెలుగు చేస్తే వైరిసమాసం అవుతుందేమో గాని అర్థం సులువు. 1500 మిల్లీ ఆంపియర్లు లాగితే ఒక గంట, 150 లాగితే పది గంటలు. ఉన్నదానిని ఖర్చుతో భాగించడమే. "బిందెలో నీళ్ళు, అడుగున చిల్లు, అంతేనయ్యా" అన్నాడు.

బిందె అనగానే నాకు ఘటికాయంత్రం తోచినది. పూర్వం జ్యోతిష్కులు అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీళ్ళలో వదిలేవారు. అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక ఘడియ, అనగా మన లెక్కలో 24 నిమిషాలు. రంధ్రం మారదు, గిన్నె మారదు, కనుకనే అది కాలానికి కొలత అయినది. వాకీటాకీ గిన్నెకు రంధ్రం ఒకటి కాదు, మూడు. ఊరక చెవి ఒగ్గి ఉన్నప్పుడు సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. అవతలివాడి మాట స్పీకరులో మోగుతున్నప్పుడు 250. మనం మీట నొక్కి మాట్లాడుతున్నప్పుడు 1500. ఈ మూడు అంకెలూ ఆ పుస్తకంలో చివరి పుటలో చీమ తలకాయలంత అక్షరాలతో ఉన్నవి. మరి పెట్టె మీది పన్నెండు ఎక్కడిది?

దాని కింద ఇంకా సన్నని అక్షరాలలో 5-5-90 అని ఉన్నది. అదేమిటని అడిగితే మాష్టారు నవ్వాడు. ఇలాంటి సెట్లు చేసేవారు చాలామంది పాటించే వాడుక అట అది. కాలంలో నూటికి అయిదు పాళ్ళు మాట్లాడటం, అయిదు పాళ్ళు వినడం, తొంభై పాళ్ళు మౌనం. గంటకు లెక్కిస్తే మూడు నిమిషాలు మాట, మూడు నిమిషాలు వినికిడి, యాభై నాలుగు నిమిషాలు నిశ్శబ్దం. కాగితం తీసుకుని గుణించాను. 4500, 750, 2160. కలిపితే 7410. అరవైతో భాగిస్తే సగటున గంటకు 123న్నర. 1500ను దానితో భాగిస్తే పన్నెండు గంటల పైన కొంచెం. పెట్టెవాడు అబద్ధమాడలేదు.

అయితే అది ఎలాంటి దినం? ఎండ కాచి, చేప పడి, ఇంజను చక్కగా నడిచి, ఎవరికీ ఎవరితోనూ పెద్దగా పని లేని దినం. అలాంటి దినమున వాకీటాకీ లేకున్నా గడుస్తుంది. ఇంజను ఆగిపోయి, నీరు లోపలికి వస్తూ, చీకట్లో పక్క పడవను పిలుస్తున్నవాడు గంటకు మూడు నిమిషాలే మాట్లాడుతాడా? ఇరవై నిమిషాలు పిలుస్తాడు, ఇరవై నిమిషాలు బదులు వింటాడు, ఇరవై నిమిషాలు నీరు తోడుతాడు. మళ్ళీ గుణించాను. 30000, 5000, 800. సగటు 597. 1500ను భాగిస్తే రెండున్నర గంటలు. బ్యాటరీ రెండేళ్ళు పాతబడి అయిదింట ఒక వంతు సత్తువ పోయి ఉంటే, రెండు గంటలు.

పన్నెండు ఎక్కడ, రెండు ఎక్కడ! బ్యాటరీ అదే. నేను ఆ కాగితం కింద పెట్టి కాసేపు లేచి తిరిగాను. 1989లో నేను చెప్పిన రెండు వారాలు ఎక్కడ తప్పినవో ఆనాటివరకు నాకు ఇంత తేటగా అంకెలలో కనబడలేదు. నేను మంచిరోజుల ఖర్చును చెడ్డరాత్రికి అంటగట్టాను.

ఈ సంగతి ఇళ్ళలో ఇన్వర్టర్లు ఉన్నవారికీ పనికివస్తుంది గనుక రెండు ముక్కలు. 150 ఆంపియర్ అవర్ అని రాసిన సీసపు బ్యాటరీ సాధారణంగా ఇరవై గంటలు మెల్లగా వాడితే వచ్చే లెక్క, అనగా ఏడున్నర ఆంపియర్ల చొప్పున. 75 ఆంపియర్లు లాగితే భాగహారం ప్రకారం రెండు గంటలు రావాలి, రాదు. తొందరపెట్టి లాగినకొద్దీ అది ఇచ్చేది తగ్గిపోతుంది. పాయికర్ట్ అనే జర్మను పండితుడు 1897లోనే దీనికి సూత్రం కట్టాడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా తీరం పక్కగానే వెళ్ళినప్పుడు కరెంటు లేని రాత్రి నేను ఇంట్లో ఒక్క దీపం తప్ప అన్నీ ఆపించాను. మా మనుమడు టీవీకోసం అలిగాడు. అలగనీ అన్నాను.

ఇంకొక తేడా కూడ ఉన్నది. పాత సెల్లు చచ్చేముందు చెప్పి చచ్చేది. టార్చిలైటు వెలుగు ఎర్రబడేది, రేడియో గొంతు సన్నబడేది. ఇప్పటి లిథియం బ్యాటరీ తుది దాకా దాదాపు ఒకే సత్తువతో నిలబడి, గీత దాటగానే లోపలి రక్షణ వలయం టక్కున తెగగొడుతుంది. వాక్యం మధ్యలోనే.

భాగహారం చేతనైనవారు సైతం ఈ ప్రశ్న దగ్గర ఎంత జాగ్రత్తపడతారో చెప్పడానికి మా దక్షిణం వైపు ఉదాహరణ ఉన్నది. శ్రీహరికోట 2022 వరకు మా నెల్లూరు జిల్లాలోనిదే. ఆ ఏడు జిల్లాలు చీల్చినప్పుడు తిరుపతి జిల్లాలో కలిసినది. ఆకాశానికి జిల్లాలు లేవు గనుక రాకెట్టు లేచినప్పుడు మేము ఇప్పటికీ మేడలెక్కుతాము. 2013 నవంబరు 5 మధ్యాహ్నం మంగళయానం వెళ్ళినప్పుడు మబ్బుల సందున సన్నని గీత ఒకటి కనబడినది. దానిలో ఉన్నది 36 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ ఒకటి. ఎండ ఉన్నప్పుడు పలకలు దాన్ని నింపుతవి, అంగారకుని నీడలో పడినప్పుడు అది నౌకను నడుపుతుంది. కనుక వారి ప్రశ్న కూడ మావాడి ప్రశ్నే, నీడలో ఎంతసేపొస్తాది? వార్తలలో వచ్చినదాని ప్రకారం సుమారు గంటా నలభై నిమిషాల గ్రహణానికి తట్టుకునేటట్టు దాన్ని చేశారు. ఆరు నెలల పనికి పంపిన నౌకకు అది చాలు.

నౌక ఆరు నెలలతో ఆగలేదు, ఏళ్ళు నడిచినది. 2017లో ఎనిమిది గంటల దాకా సాగే గ్రహణాలు రానున్నవని ముందుగానే లెక్క తేలినది. బ్యాటరీని పెద్దది చేయడానికి అక్కడికి పోయేవాడెవడు? అందుచేత నౌక దారినే మార్చారు. 2017 జనవరి 17న యంత్రాలు మండించి, 20 కిలోల ఇంధనం ఖర్చుచేసి, నీడను తప్పించారు. మిగిలినది 13 కిలోలు. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ వరుసగా గ్రహణాలు పట్టినవి, ఒకటి ఏడున్నర గంటలు. ఈసారి తప్పించుకోవడానికి ఇంధనం లేదు. ఆ తరువాత మంగళయానం పలకలేదు. అంతటివారు కూడ 'ఎంతసేపు వస్తుంది' అనే మాటకు బ్యాటరీని మాత్రమే చూసి బదులు చెప్పలేదు, నీడ ఎంత పొడుగో చూశారు. ఇది నాకు చాలా నచ్చినది.

పెద్ద నౌకలలో ఉండే ఆపద సూచక యంత్రాల పద్ధతి ఇంకా నచ్చినది. నౌక మునిగితే అది తేలుతూ ఉపగ్రహాలకు మొర పెట్టుకుంటుంది. సుమారు యాభై సెకన్లకు ఒకసారి, అరసెకను మాత్రమే. తక్కిన కాలమంతా దాదాపు నిద్ర. గడ్డకట్టే చలిలో కూడ కనీసం 48 గంటలు మొర వినిపించాలని నియమం. అంటే అక్కడ ముందు కావలసిన గంటలు నిర్ణయించి, తరువాత బ్యాటరీని, మాటను దానికి తగ్గట్టు కుదించారు. మనం ముందు బ్యాటరీ కొని, తరువాత గంటలు అడుగుతున్నాము. అరసెకనులో చెప్పవలసినదంతా చెప్పడం! పండితులకు చేతకాని పని, ఈ వ్యాసమే సాక్షి.

సాయంత్రం వాడు వచ్చాడు. రెండు గంటలని చెప్పాను. వాని ముఖం చిన్నబోయినది. అంగడివాడు మోసం చేశాడా అని అడిగాడు. కాదురా నాయనా, పన్నెండు నిజమే, నీవు కులాసాగా ఉన్నప్పుడు అన్నాను. లెక్క మొత్తం చూపించాను. వాడు గణవిభజన కన్నా త్వరగా గ్రహించాడు. "అంటే అయ్యోరా, అరిచేకొద్దీ తరుగుతాది" అన్నాడు. అవును అన్నాను. అప్పుడిక ఇద్దరం కూర్చుని, అరవకుండా ఎలా పిలవాలో ఆలోచించాము. ముందు పడవ పేరు, తరువాత జీపీఎస్‌లో కనబడే అంకెలు, తరువాత ఏమయినదో ఒక్క ముక్క, తరువాత ఎంతమంది ఉన్నారో. పావు నిమిషంలో అయిపోవాలి. ఆపద కేకకు కేటాయించిన పదహారవ చానెలులో. ఆపైన మీట వదిలి వినాలి. పక్క పడవ కంటికి కనబడే దూరంలో ఉంటే సెట్టు శక్తిని తగ్గించి మాట్లాడాలి, ఖర్చు తగ్గుతుంది. బదులు దొరికి, వస్తున్నామని చెప్పిన తరువాత ఊరక కబుర్లాడరాదు, గంటకు రెండుసార్లు ఏ వేళకు తెరవాలో ఒప్పుకుని కట్టివేయాలి. ఇంకొక బ్యాటరీ నిండుగా నింపి, తడి తగలని డబ్బాలో పెట్టుకోవాలి.

వాడు రెండవ బ్యాటరీ ధర ఎంతో అడిగాడు. కనుక్కుని చెప్పాను. ఈ నెల కష్టమన్నాడు. నేనిస్తాను తీసుకోమంటే మొహమాటపడ్డాడు. "మీరెందుకిస్తారయ్యోరా, మీకేం బాకీ?" అన్నాడు. ఆ పాళెంలోనే పుట్టినవాడు, కాని ఎనభై తొమ్మిది గాలికి తరువాత పుట్టినవాడు. వానికి ఏమీ తెలియదు. చేప పడినప్పుడు ఇద్దువులే, తీసుకోరా అన్నాను.

పోతూపోతూ, పడవలో తక్కినవారికి చదువు తక్కువ, సెట్టు మీదనే పెద్ద అంకె వేసి ఇమ్మన్నాడు. తెల్లటి ప్లాస్టరు ముక్క అంటించి, దానిమీద చెరగని సిరాతో 2 గంటలు అని రాసి ఇచ్చాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మరి అట్టపెట్టె మీద పన్నెండని ఉండాదే. మావోళ్ళు అది చూసి ధైర్యంగా ఉంటారేమో. కొట్టెయ్యనా?"

కొట్టివేయమన్నాను. జేబులోనుంచి వల కుట్టే సూది తీసి, అరుగు మీదనే కూర్చుని, ఆ అంకె కనబడకుండా గీకాడు.